నల్ల చిగుళ్లు

నా మారుమనువు చెడగొట్టినవాడు శ్యామ్‌సుందర్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అతను అబిడ్స్‌లో పోస్టాఫీసు ఎదుటి సందులో, మేడ మీద, కట్టుడు పళ్లు చేసేవాడు. డాక్టరు కాదు. ఒక డాక్టరు దగ్గర పదేళ్లు అచ్చులు పోశాడు. ఆ డాక్టరు కరాచీ వెళ్లిపోతూ కుర్చీని, ఆవిరి బాయిలరును మోసుకుపోలేక వదిలేశాడు. వాటితోపాటు గౌరవం కూడా తనకే వదిలిపోయాడని ఇతను అనుకున్నాడు.

నేను దుర్గయ్యను. నాంపల్లి స్టేషను వెనక, అరిగిన లారీ టైర్లకు కొత్త రబ్బరు వేసే కార్ఖానాలో మేస్త్రీని. మెదక్ వైపు మా ఊరి బళ్లో నాలుగో తరగతి దాకా చదివాను. పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు నా భార్య సమ్మక్క జ్వరంతో పోయింది. తర్వాత చిగుళ్లకు జబ్బు చేసి పళ్లన్నీ పీకించుకున్నాను. నిజాం సర్కారు పోయింది, భార్య పోయింది, పళ్లు పోయాయి, మూడింటిలో దుర్గయ్య ఏడ్చింది పళ్ల కోసమేనని మా కార్ఖానాలో పనిచేసే మొగులయ్య అందరికీ చెప్పేవాడు. అబద్ధం. ఏడవనిది సర్కారు కోసమే.

సంబంధం తెచ్చింది ఆ మొగులయ్యే. పిల్ల పేరు నర్మద. పిల్ల అంటే నలభైకి దగ్గర. మొగుడు పోయి ఏడాదైంది, పిల్లల్లేరు. దవాఖానలో ఆయా. తల్లితో కలిసి నాంపల్లిలోనే, పట్టాలకు అవతలి బస్తీలో ఉంటుంది. మా కులంలో మారుమనువు తప్పు కాదు.

"అంత మంచిగనే ఉన్నది గని దుర్గయ్యా," అన్నాడు మొగులయ్య, "గీ బోసినోటితోని పోతే, నువ్వు సూడవచ్చింది బిడ్డనా, తల్లినా అని అడుగుతరు."

నాకు అందం అక్కరలేదు. ఒంటరిగా పొయ్యి ముందు కూర్చుని జొన్న గటక తాగి తాగి విసిగిపోయాను. ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండగా జొన్నరొట్టె నమిలి తినాలి. అంతే. అందుకోసం శ్యామ్‌సుందర్ మెట్లెక్కాను.

పళ్లు పింగాణీవి. అవి ఎక్కడినుంచో డబ్బాల్లో వస్తాయి. వాటిని పట్టి ఉంచే చిగురు మాత్రం రబ్బరు. మలబారు చెట్ల పాలే. అందులో గంధకం దండిగా కలిపి, నోటి కొలతతో చేసిన ప్లాస్టరు అచ్చులో కూరి, బాయిలరులో ఉడికిస్తే గట్టిపడుతుంది. ఈ మాత్రం నాకు తెలుసు. టైరుదీ అదే వంట, గంధకం తక్కువ.

మొదటి సెట్టు చక్కగా గులాబీ రంగులో ఉంది. పెట్టుకుని నేరుగా స్టేషను ముందున్న ఇరానీ హోటలుకు వెళ్లి చాయ్ తాగాను. కప్పు సగం అయ్యేసరికి చిగురు మెత్తబడింది. ముందరి నాలుగు పళ్లు మధ్యాహ్నం భోజనం చేసొచ్చిన సర్కారీ గుమాస్తాల్లా వెనక్కి వాలాయి.

వెళ్లి అతని బల్ల మీద పెట్టాను.

"చాయ్ జర సల్లారినంక తాగు మియా," అన్నాడు.

"సల్లటి చాయ్ తాగెటోనికి పెండ్లెందుకు?"

రెండోసారి గంధకం పెంచి, మంట పెంచి, తొందరగా ఉడికించాడు. చాయ్‌కి నిలిచింది. ఆదివారం మాంసంలో నల్లి బొక్క కొరికితే సెట్టు రెండు ముక్కలైంది. ఎముక కాదు. ఒక ముక్క గొంతులోకి పోబోతే మొగులయ్య వీపు మీద గుద్ది బయటికి తెప్పించాడు. విరిగిన చోట చూస్తే లోపలంతా బుడగలు. మంట ఎక్కువైతే టైరు కూడా అలాగే పొంగుతుంది. ఆ మాట చెబితే శ్యామ్‌సుందర్‌కు కోపం వచ్చింది.

"నా దుకాన్ల టైర్ల ముచ్చట తేకు. గిది ముఖం. లారీ గాదు."

"మే నెలల కంకర మీద ఉరికినా లారీ టైరు కరగదు. నీ చిగురు చాయ్‌కే కరిగె. ఏది నయం?"

అతను విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "టైరుల ఏమేస్తరు?" అని అడిగాడు.

లోపల కాన్వాసు గుడ్డ, రబ్బరులో మసి. మసి అనగానే ముఖం చిట్లించాడు. సరే, ముందు గుడ్డ వేద్దామన్నాడు. రెండు పొరల రబ్బరు మధ్య పలచటి నూలు గుడ్డ పెట్టి ఉడికించాడు. బొక్కకు నిలిచింది. కానీ అంచున ఎక్కడో గుడ్డ బయటికి కనబడి ఉమ్మిని పీల్చుకుంది. నాలుగు రోజులకు నా నోరు మూసీ అయింది. మొగులయ్య తన అన్నం డబ్బా తీసుకుని కార్ఖానా అవతలి మూలకు పోయాడు.

"లారీ టైరు ఉమ్మి మింగదు మియా. గది మర్సిపోయినం," అన్నాడు శ్యామ్‌సుందర్. మర్చిపోయింది ఇద్దరం అన్నట్టు.

ఇక మిగిలింది మసి.

"చిగుర్లు గులాబీగ ఉండాలె," అన్నాడతను. "ఇంగిలీకం ఎరుపు, జింకు తెలుపు కలుపుత నేను. ఖాన్‌దానీ లోగ్, పెద్దింటోళ్లు వస్తరు నా దగ్గరికి."

"ఆ రంగులే నీ రబ్బరును సంపుతున్నయి. రంగు ఎక్కినకొద్ది రబ్బరు బలం తగ్గుతది. మసి గట్ల గాదు. రబ్బరును గట్టిగ పట్టుకుంటది."

మద్రాసు నుంచి డబ్బాల్లో వచ్చే మెత్తని మసిని కార్ఖానా నుంచి తెచ్చాను. అతని రబ్బరును మా రోలర్ల మధ్య వేసి, మసి కనబడకుండా కలిసేదాకా పిసికాము. ఈసారి అతను మంటను కొంచెం కొంచెంగా పెంచుతూ మధ్యాహ్నమంతా ఉడికించాడు. ఉడికించడం అతనికి వచ్చు. అది కాదనను.

సెట్టు బయటికి తీసి మరిగే నీళ్లలో వేశాడు. పట్టకారుతో తీసి వంచబోయాడు. వంగలేదు. నేను పెట్టుకుని పొగలు కక్కే చాయ్ తాగాను, వేయించిన మక్కజొన్నలు నమిలాను. మర్నాడు నల్లి బొక్క. ఈసారి విరిగింది బొక్కే.

తర్వాత అద్దం ముందు నోరు తెరిచాను. తారు డబ్బాలో మూతి పెట్టినట్టుంది.

"బోనాల్ల పోతరాజు గూడ నిన్ను సూస్తే పక్కకు జరుగుతడు," అన్నాడు మొగులయ్య.

నేను ఫర్వాలేదన్నాను. నేను ఆ మాట అన్నాననడానికి మొగులయ్య సాక్షి. శ్యామ్‌సుందరే ఊరుకోలేదు. నల్ల చిగుళ్లు అబిడ్స్‌లో అమ్ముడుపోవన్నది అతని దిగులు. వేడి చాయ్‌కి కరగని పళ్లు అని బోర్డు అప్పటికే రాయిస్తున్నాడు. ఒక్కరోజు ఇమ్మని సెట్టు తీసుకుని, గులాబీ రంగులో తిరిగిచ్చాడు.

"లోపల నీ మసే. పైన జర రంగు పొర ఏసిన. మొకానికి రౌనక్, కళ ఉండాలె గద!"

"పొర వేడికి నిలుస్తదా?"

"నా జబాన్. పోయి పెండ్లి ఖాయం జేసుకొని రా."

నా జబాన్ అన్నాడు. మాట ఇచ్చినట్టే. ఇది గుర్తుంచుకోవాలి.

శుక్రవారం మొగులయ్య నన్ను వాళ్లింటికి తీసుకుపోయాడు. ఒకటే గది, శుభ్రంగా ఉంది. తల్లి కిష్టవ్వ మంచం మీద కూర్చుంది. ఆమెకు నోట్లో ఒక్క పన్ను లేదు. నా నోటి వైపు కొనబోయే పొలం చూసినట్టు చూసింది. నర్మద సకినాలు, చాయ్ తెచ్చి ముందు పెట్టి, గోడవారగా కూర్చుంది. సన్నటి మనిషి, గట్టి చేతులు. నచ్చింది.

"తినుండ్రి," అంది. "అమ్మ తినలేకపాయె, రెండేండ్లాయె సకినాలు జెయ్యక. ఎట్లున్నయో."

సకినం కొరికాను. చప్పుడైంది. నమిలాను. ఎదురుగా మనిషి కూర్చుని చూస్తోంది. బాగున్నాయన్నాను. చాయ్ తాగాను. వేడి వేడిగా, ఊదకుండా. కావాలనే.

పై పెదవి కింద ఏదో కదిలింది. నాలుకతో నొక్కాను. ఇంకా కదిలింది. రెండో గుక్కకు గులాబీ పొర ఊడి, పెదవి మీదుగా జారి సాసరులో పడింది.

నర్మద ముందుకు వంగి దాన్ని వేలితో తీసింది.

"గిదేంది, ఉల్లిపొట్టా? చాయ్‌ల ఉల్లిగడ్డ ఎయ్యలేదే నేను!"

నేను నోరు తెరిచి ఏదో చెప్పబోయాను. తెరవకుండా ఉండాల్సింది. కిష్టవ్వ మంచం మీంచి ముందుకు వంగింది.

"ఓ యవ్వ! నల్లగున్నది లోపల! బొగ్గు తిన్నవా కొడుకా?"

మొగులయ్య మొదట నవ్వాడు. తర్వాత నర్మద. మామూలుగా కాదు. కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. ఆపబోతుంది, చేతిలోని పొర చూస్తుంది, మళ్లీ నవ్వుతుంది.

"ఊకో బిడ్డా, మంచిగుండదు," అంటూ కిష్టవ్వ తనూ నవ్వింది.

చివరికి నర్మద కళ్లు తుడుచుకుని, "నల్లగుంటే ఏమాయె, గట్టిగున్నయి గద. ఇంకోటి కొరుకుండ్రి, సూస్త," అని సకినాల పళ్లెం నా వైపు జరిపింది.

నేను లేచి బయటికి వచ్చేశాను. పట్టాలు దాటేదాకా వెనక్కి చూడలేదు.

మర్నాడు మొగులయ్య నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"పొద్దుగాల కిష్టవ్వ కబురు పంపింది. వాళ్లకు ఇష్టమే."

నేను రోలరు తుడుస్తున్నాను.

"ఇన్నవా? నర్మదకు ఇష్టమేనట. గా గులాబీ పొర మాత్రం మళ్ల ఏపియ్యొద్దన్నది. మొగడు పోయినంక ఆమె నవ్వుడు గదే మొదలట దుర్గయ్యా. రాత్రంత తల్లీబిడ్డలు తలుసుకొని తలుసుకొని నవ్విన్రట. ఇల్లు ఇల్లులెక్క అయిందన్నది ముసల్ది."

"నా నోరు వాళ్లకు తమాషా గాదు."

"తమాషా అని ఎవలన్నరు? మంచి మనిషి నవ్వింది, గంతే గద!"

"లేదని చెప్పు."

"నీకు మెదడున్న కాడ గూడ మసే పోసిన్రా?"

"లేదని చెప్పు మొగులయ్యా."

అతను వెళ్లి చెప్పాడు. వాళ్లు మరోసారి కబురు పంపారు. నేను మరోసారి లేదన్నాను. మూడోసారి పంపలేదు.

శ్యామ్‌సుందర్ కార్ఖానాకు వచ్చాడు. "మాఫ్ చెయ్ దుర్గయ్యా. రంగు పొరల గంధకం తక్కువ పడ్డది, రెండు రబ్బర్లు ఒకదాన్నొకటి పట్టలే. మిగిలింది గీకి నున్నగ జేసిస్త," అన్నాడు. నేను టైరు వైపు తిరిగి పని చేసుకున్నాను. అతను నిలబడి నిలబడి వెళ్లిపోయాడు. మిగిలిన పొరను నేనే ఆకురాయితో గీకేశాను.

ఇప్పుడు అబిడ్స్‌లో అతని దుకాణం బాగా నడుస్తోందట. లోపల మసి రబ్బరు, ముందు కనబడేచోట మాత్రం రంగు, రెండూ ఒకే అచ్చులో ఒకేసారి ఉడికిస్తాడట. ఊడదట. ఎవరి నోటి మీద నేర్చుకున్నాడో గిరాకీలకు చెబుతాడని అనుకోను.

మొన్న నవంబరులో హైదరాబాద్ రాష్ట్రమే లేకుండా పోయింది. నా పళ్లకు ఏమీ కాలేదు. రొట్టె నేనే చేసుకుంటాను, నేనే నములుతాను. గట్టిగానే ఉన్నాయి. నర్మద ఎవరినైనా చేసుకుందా, లేదా అన్నది నేను అడగలేదు. మొగులయ్య చెప్పబోతే లేచి వెళ్లిపోయాను.

తప్పు శ్యామ్‌సుందర్‌ది. నాంపల్లిలో కొందరు ఇంకో రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి ఇంత రాశాను. ఇకమీదట ఈ సంగతి ఎవరడిగినా నేను నోరు తెరవను.