పన్నెండో తప్పు

ఎనభై ఏడో గేటు దగ్గర ఆయన తువ్వాలు తలమీదుగా లాక్కుని, చేతిలోని యంత్రాన్ని ఆ చాటుకు చేర్చుకుని, పొయ్యి ఊదేవాడిలా వంగాడు. ఆ మాత్రం చీకటి చేసుకోకపోతే నడిమధ్యాహ్నం తెర మీద అంకెలు కనిపించవు. తన ముఖమూ, వెనకనున్న ఆకాశమూ కనిపిస్తాయి. నీటి మీటరు చూడటం క్షణం పని. చూసింది ఎక్కించడమే గండం.

ఇరవై ఆరేళ్ళు పుస్తకంలో రాశాడు, కొట్టివేత ఎరగడు. ఈ యంత్రం వచ్చిన పద్నాలుగు నెలల్లో పదకొండు తప్పులు. కనుబొమ్మ మీంచి జారిన చెమట చుక్క పడినా అది వేలు తాకిందనుకుంటుంది. మూడు పక్కన తొమ్మిది వేసి కూర్చుంటుంది. పన్నెండో తప్పుకు ఇంటికే. పింఛనుకింకా ఏడు నెలలుంది.

నిన్న సూపర్‌వైజరు చల్లటి గదిలో కూర్చుని యంత్రాన్ని టకటకా నొక్కి చూపించాడు.

"చూశావా బాబాయ్, వెన్నలా పనిచేస్తోంది. తప్పంతా నీ వేళ్ళదే."

"ఈ గదిలో నా వేళ్ళూ వెన్నే సార్. ఒక్క పూట నాతో ఎండలోకి రండి."

"బాగుంది! నేనొస్తే ఇక్కడ ఫ్యాను కింద ఎవరు కూర్చుంటారు?"

ఆ యంత్రం కొనడానికి సంతకాలు చేసినవాళ్ళంతా దాన్ని ఆ గదిలోనే పరీక్షించారు.

అందుకే ఆయన రాత్రే ఒక ఉపాయం ఆలోచించుకున్నాడు: నీళ్ళు తాగకపోతే చెమట పట్టదు. భార్య సర్దిచ్చిన సీసా మూత తీయలేదు.

నూటనాలుగో గేటు దగ్గర ఒక ఇల్లాలు అడ్డుపడింది.

"కాసిని మంచినీళ్ళు తాగండి బాబాయ్ గారూ."

"వద్దమ్మా. తాగిందంతా తెర మీదే కారుతుంది."

"ఏం చోద్యమండీ! అందరి నీళ్ళూ కొలుస్తూ మీరు ఎండిపోతారా?"

ఆయన నవ్వాడు. పెదవి చిట్లింది. నుదురు తడుముకుంటే కాగితంలా పొడిగా, పెనంలా వేడిగా తగిలింది. ఉపాయం పారిందని సంతోషించాడు. తర్వాతి గేట్లలో అంకెలు రెండేసిగా కనిపించాయి. ఒక కన్ను మూసుకుని ఎక్కించాడు.

నూటపన్నెండోది ఆఖరు గేటు. అంకెలు ఎక్కించి, మీటరు పక్కనే గోడకు చేరగిలబడ్డాడు. తువ్వాలు తలమీదే ఉండటంతో, ఇంకా చూసుకుంటున్నాడు కాబోలని ఆ ఇంటివాళ్ళు చాలాసేపు పలకరించలేదు. పలకరించేసరికి ఆయనలో ప్రాణం లేదు.

సాయంత్రం ఆఫీసులో ఆయన నంబరుకెదురుగా ఆ రోజు తప్పులు సున్నా అని వచ్చింది.

ఆయన్ని ఎత్తి బండిలోకి చేర్చే తొందరలో ఎవరూ గమనించనివి ఆ గేటు వార మిగిలాయి: రెండు రబ్బరు చెప్పులు, మడమల దగ్గర నేల కనిపించేంత అరిగి, పొద్దు గుంకాక కూడా ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేంత వేడిగా.