నాడె తగిలిన తల

మా దాజీ పేట్‌లో మెల్లగా మాట్లాడే మగాడిని ఒక్కడిని చూపించండి, నా చేత్తో చుట్టిన బీడీల కట్ట ఇనాం ఇస్తాను. మరమగ్గాలను మేం సాంచాలంటాం. పొద్దంతా వాటి మోతలో నిలబడి వచ్చేవాళ్లు, ఇంట్లో ఉప్పు అడిగినా వాడంతా వినేట్టే అడుగుతారు. అందుకే నా కొడుకు వాసుదేవ్ ఇంట్లో అరవడం మొదలుపెడితే నేను పట్టించుకోలేదు. నేను చేసిన పాపం అదే.

ఆషాఢంలో, తువ్వాళ్లు నేసే సాంచా మీంచి, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరొచ్చి వాడి నుదుటికి తగిలింది. కాసేపు తెలివితప్పి పడిపోయాడట. లేచి, చాయ్ తాగి, సాయంత్రం దాకా రెండు సాంచాలు నడిపాడు. రక్తం చుక్క రాలేదు. నేను బొప్పి మీద పసుపు పెట్టి, దిష్టి తీసి, గండం గడిచిందనుకున్నాను.

అప్పటిదాకా వాడు నోట్లో నాలుక లేనివాడు. నెల తిరక్కుండానే కన్నకూతురి ముందు బూతులు మాట్లాడాడు. చావింట్లో పకపకా నవ్వాడు. చొక్కా గుండీలు సగం పెట్టుకుని, గంటసేపు అలాగే కూర్చునేవాడు. సేటు మీదికి చెయ్యెత్తి పని పోగొట్టుకున్నాడు.

"అత్తమ్మా, ఇది సాంచాల గొంతు కాదు. ఆయన తలకాయల ఏందో అయింది," అంది కోడలు అశ్విని.

"నీ నోరు జరా మూసుకుంటే వాని నోరు గూడ మూతపడ్తది," అన్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు కదా.

ఆమె ఊరుకోక వాడిని పెద్ద దవాఖానకు తీసుకెళ్లింది. నుదుటి వెనక మెదడు కమిలిందన్నాడట డాక్టరు. కోపం అందరికీ వస్తుంది, దాన్ని పట్టి ఆపేది అక్కడేనట. ఎంతవరకు బాగవుతుందో చెప్పలేనన్నాడట.

"నా కొడుకును పిచ్చోన్ని చేస్తున్నవా?" అని కోడలి మీదే విరుచుకుపడ్డాను.

మొన్న సోమవారం, ఎనిమిదేళ్ల నా మనవరాలు శ్రావణి మంచినీళ్లు తేవడం కాస్త ఆలస్యమైంది. వాడు లేచి దాని చెయ్యి మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు, బీడీలు చుడుతున్న నాకు వినిపించింది. ఆ వెంటనే బిడ్డను ఎత్తుకుని ఏడుస్తూ, చెప్పుల్లేకుండా దవాఖానకు పరుగెత్తాడు. అది దొంగ ఏడుపు కాదు. కానీ దాని చేతికి కట్టు కడుతుంటే, అక్కడి టీవీ చూస్తూ నవ్వుతున్నాడు. నాకు భయం వేసింది. కన్నకొడుకును చూసి భయపడ్డాను.

మరునాడు అశ్విని బట్టలు సర్దుకుంది, జోడ్‌భావి పేట్‌లో అక్క ఇంటికి. నేను ఆపుతాననుకుందేమో, గడప దగ్గర ఆగి నా మొహం చూసింది.

"నువ్వు గూడ రా అత్తమ్మా. నిన్ను కొడ్తే ఎవరు అడ్డమొస్తరు?"

"నేను కన్నదాన్ని, నేనుంట. నువ్వు పిల్లను కాపాడుకో."

వాసుదేవ్ వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "పోవద్దని చెప్పమ్మా. ఇంకోసారి కొట్ట."

శ్రావణి తల్లి చాటుకు పోయింది. అక్కణ్నించే అడిగింది, "నానమ్మా, నాన్న మంచిగైతే పిలుస్తవా?"

"పిలుస్త బిడ్డా."

మా ఇళ్లల్లో బొట్టు పెట్టి సాగనంపేది మళ్లీ రమ్మని. కుంకుమ తెచ్చి ఇద్దరికీ పెట్టాను. ఇక ఈ ఇంటికి రావద్దమ్మా అని లోపల అనుకుంటూనే పెట్టాను. వాళ్లను రిక్షా దాకా దిగబెడతానని వాడు బయలుదేరాడు. వాడిని లోపలికి నెట్టి, నేనూ లోపలికి వచ్చి, తలుపుకు గొళ్లెం పెట్టాను.