పూర్ణిమ పళ్లు

పరాఠాలోకి వేసుకున్న ఆవకాయ టెంకని పూర్ణిమ పటుక్కున కొరికిన చప్పుడు వంటింట్లో పెనం ముందున్న మహేశ్వరికి వినబడింది. ఒళ్లు మండిపోయింది. తోడికోడలి మీద ఆమెకున్న కుళ్లు శంకర్ నగర్‌లో చేసే ఉద్యోగం చూసి కాదు, పండరీ బజారులో కొనుక్కునే చీరలు చూసీ కాదు. ఆ పళ్లు చూసి. బిగువైన చిగుళ్లలో తీరుగా కూర్చున్న పళ్లు. మొన్న పెళ్లిలో ఫోటో తీస్తూ, "పూర్ణిమా, నవ్వమ్మా. మహేశ్వరీ, నువ్వు నోరు మూసుకో," అన్నాడు ఈశ్వర్. కట్టుకున్నవాడే అన్నాక మిగతావాళ్లు నవ్వరూ! దగ్గరికెళ్తే వాసనంటూ మొహం తిప్పుకునేదీ ఆ మహానుభావుడే.

బ్రష్ పెడితే నెత్తురు, నొక్కితే చీము. ముందు పళ్లు ఊగుతున్నాయి. డాక్టరంటే అత్త బంగారమ్మ ఒప్పుకోదు. "కిలీనింగ్ చేయిస్తే ఉన్నవీ ఊడిపోతాయే. గుడాకు రాసుకో, నొప్పి లాగేస్తది," అని డబ్బీ చేతికిచ్చేది. పొగాకూ బెల్లమూ కలిపిన ఆ నల్లటి ముద్దని హిందీవాళ్ల ఈ ఊళ్లో చాలామంది ఆడవాళ్లు పొద్దున్నే చిగుళ్లకి రాసుకుంటారు. మహేశ్వరి కూడా రాసుకుంటోంది.

ఆరోజు సింకులో నెత్తురు చూసిన పూర్ణిమ, "అక్కా, నాకూ ఇలాగే వచ్చేది. ఆర్నెల్లకోసారి క్లీనింగ్ చేయించుకుంటున్నా. సాయంత్రం నాతో రా," అంది.

దేవుడిచ్చిన పళ్లనుకుని ఇన్నాళ్లూ ఏడ్చింది మహేశ్వరి. కాదట! "ఎవర్నడిగి వెళ్లావు?" అంది.

"ఎవర్నడగాలక్కా?"

ఆ మాటకి ఇంకా కుళ్లుకుంది. అయినా వెళ్లింది.

డాక్టరమ్మ చిగుళ్లు చూసి హిందీలోనే చీవాట్లు పెట్టింది. పాచి గట్టిపడి గార అవుతుందట. అది చిగురు కిందికి దిగితే పంటిని పట్టుకున్న ఎముక కరిగిపోతుందట. "గార తీస్తే పళ్లు ఊడవు, తీయకపోతే ఊడతాయి. ముందు పళ్లకి నేను హామీ ఇవ్వలేను. రోజూ రెండుపూటలా మెత్తటి బ్రష్‌తో తోముకో. గుడాకు మానకపోతే నేనేం చేసినా దండగే. అసలెందుకు మొదలెట్టావు?"

"అప్పుడు కొత్త కోడల్ని కదా, అందరూ తిన్నాకే తినాలి. రాసుకుంటే ఆకలి తెలీదని అత్తయ్య ఇచ్చింది."

చెప్పేసి తనే ఉలిక్కిపడింది. పక్కన కూర్చున్న పూర్ణిమ తల దించుకుంది. పూర్ణిమ కాపురానికి వచ్చిన మర్నాటి నుంచీ ఆఫీసు వేళవుతోందని మొదటి పరాఠా ఆమెకే. చేసిపెట్టేది మహేశ్వరి. ఇన్నాళ్లూ తను కుళ్లుకున్నది పళ్లని చూసి కాదని మహేశ్వరికి అప్పుడర్థమైంది.

మర్నాడు పొద్దున్న పరాఠాలు కాల్చి, వేడివేడిగా తన పళ్లెంలో వేసుకుని పూర్ణిమ పక్కన బల్ల దగ్గర కూర్చుంది.

"ఏటే, మొగోళ్లు తినకుండానే కూకున్నావు?" అంది బంగారమ్మ.

"అరే, నా ప్లేటేది?" అన్నాడు ఈశ్వర్, టవల్ భుజాన వేసుకుని.

"డాక్టరమ్మ అందరికంటే ముందు తినమంది," అంది మహేశ్వరి. ముక్క తుంచడం ఆపలేదు.

డాక్టరమ్మ ఆ మాట అనలేదు. పక్కనే ఉండి అంతా విన్న పూర్ణిమకి ఆ సంగతి తెలుసు. ఈశ్వర్ ఆమె వైపు చూశాడు, నిజమేనా అన్నట్టు.

"పిండి కలిపే ఉంది బావగారూ," అంది పూర్ణిమ. "పెనం కూడా వేడిగానే ఉంది."