ఆయన వంతు సగం

మా ఆయనకు ఓపిక తక్కువ. సర్కారు ఉద్యోగాల పరీక్ష రాసేది ఇద్దరం, ఇంట్లో ఉన్న ప్రభుత్వ పాలనాశాస్త్రం పుస్తకం ఒక్కటే. ఒకరోజు నా చేతిలోంచి లాక్కుని, కూరగాయల కత్తితో నడిమికి కోసేశాడు. మొదటి సగం నాకు, రెండో సగం ఆయనకు. చదవడం అయ్యాక మార్చుకోవాలని ఒప్పందం.

ఆయనది గట్టిగా అరిచి చదివే చదువు. నేను గిన్నెలు తోముతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి పాఠం చెప్పేవాడు.

"అధికారాన్ని కిందివాళ్లకు అప్పగించొచ్చు. బాధ్యతను మాత్రం అప్పగించలేం. బుర్రకెక్కిందా?"

"ఎక్కింది. తోమే అధికారం నాది, మాడబెట్టిన బాధ్యత నీది. ఇదిగో, పట్టు."

నవ్వుతూ తోమేవాడు. సగం మసి అలాగే వదిలేసేవాడు.

పుస్తకం మార్చుకోకముందే జ్వరమని మంచమెక్కాడు. ఆసుపత్రికి తీసుకెళ్లాం. ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఆయన సగాన్ని అత్తయ్య ఎన్నిసార్లు తెచ్చి నా ముందు పెట్టినా, తీసి బీరువాలో పడేసేదాన్ని. తెరిస్తే ఆ గొంతు వినపడుతుందని భయం.

"వాడి మీద కోపం పుస్తకం మీద చూపిస్తే ఎలా తల్లీ? ఈసారి తప్పితే నీకు వయసు దాటిపోతుంది. మనిద్దరికీ ఇంకేం దిక్కుంది?" అనేది అత్తయ్య. నాకు తెలియక కాదు. చేతులు రాలేదు, అంతే.

పరీక్షరోజు ఆవిడే వెంట వచ్చి గేటు బయట కూర్చుంది. ప్రశ్నపత్రం అందుకుని చూశాను. తప్పనిసరిగా రాయాల్సిన ప్రశ్న ఆయన సగంలోదే. అధికారాల అప్పగింత, దాని పరిమితులు.

అత్తయ్య ముఖం ఎలా చూడాలా అనుకుంటూ పెన్ను తీశాను. గుమ్మంలో నిలబడి ఆయన అరిచిందంతా వరసగా గుర్తొచ్చింది. ఒక్క ముక్క కూడా తప్పిపోలేదు. గబగబా రాసుకుంటూ పోయాను. 'బాధ్యతను మాత్రం అప్పగించలేం' అన్న దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అబద్ధాలకోరు! ఇల్లూ, మీ అమ్మా, నీ పరీక్షా, అన్నీ నా నెత్తిన పెట్టి చక్కా పోయావు కదా. ఇదేనా నువ్వు నేర్పిన పాఠం? ఏడుపు ఆగలేదు. కాగితం తడవకుండా చేత్తో పక్కకు జరుపుకున్నాను.

ఇన్విజిలేటరు నా దగ్గరికి వచ్చి వంగి అడిగింది. "ఏమ్మా, జవాబు తెలియట్లేదా?"

"తెలుసండీ," అన్నాను. "మా ఆయన చెప్పారు."