తాబేలు గూటి పక్కన సున్నుండలు

కెనడాలోని సార్నియాలో బస్సును నమ్ముకోవడమంటే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే. ఆ ఏడు మా కాలేజీకి మనవాళ్లు వందల్లో వచ్చిపడ్డారు. కారుండి మమ్మల్ని ఎక్కించుకునే పెద్దవాళ్లు మాత్రం ఇద్దరో ముగ్గురో. వాళ్లలో ఆంజనేయప్రసాద్ అంకుల్ ఒకరు. ప్రతి శనివారం నన్ను ఊరవతల గ్రీన్‌హౌస్ పనికి దించేవారు. ఆ కారు లేకపోతే నాకు ఆ పని లేదు.

కెమికల్ ప్లాంటులో రిటైరైన ఆయనకి జియోక్యాషింగ్ అనే ఆటంటే పిచ్చి. నది ఒడ్డున ఓ మొద్దు కింద డబ్బా దాచారు. ఎవరెవరో ఫోన్‌లో గుర్తులు చూసుకుంటూ వచ్చి, దాన్ని వెతికి, లోపలి పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి పోతారు. ఓ శనివారం దారిలో ఆగి నన్నూ వెతకమన్నారు. నీళ్లలో కొంగల్ని చూపించారు. మొద్దు పక్కనే ఇసుకలో తాబేలు గుడ్లు పెట్టిందట.

"పిల్లలు బయటికొచ్చేదాకా నాకు నిద్ర పట్టదు తేజశ్రీ," అన్నారు.

పుస్తకంలో పేరు రాశాను. ఇంతమంది వచ్చిపోయే చోటికి ఒట్టి చేతులతో రావడమేమిటనిపించింది. ఆయన అటు తిరగగానే, అమ్మ పంపిన సున్నుండలు రెండు డబ్బాలో పెట్టాను. వెనక వచ్చేవాళ్లు తింటారు కదా! నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరుసటి శనివారానికి డబ్బా మూత పగిలి ఉంది, పుస్తకం పీలికలైంది. నేతి వాసనకి వచ్చిన రకూన్‌లనే అడవి జంతువులు పనిలో పనిగా ఇసుకా తవ్వేశాయి. చుట్టూ గుడ్ల పెంకులు. అంకుల్ అక్కడే కూలబడ్డారు.

"ఎవడో తిండి పెట్టాడు. బుద్ధిలేని వెధవ!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి బ్యాగు మీదికి పోయింది. ఆయన చూడలేదు. నోరు మూసుకుంటే కారూ, పనీ రెండూ నిలిచేవి. ఆ ఆలోచన వచ్చినందుకే నా మీద నాకు అసహ్యం వేసింది.

"నేనే అంకుల్. సున్నుండలు పెట్టాను."

ఆయన ఓ పెంకు ఏరి చేతిలోకి తీసుకున్నారు. "ఆ జాతి తాబేలు గుడ్లు పెట్టే ఈడుకి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది, తెలుసా?" అంటూ లేచారు.

గ్రీన్‌హౌస్ దగ్గర దిగి, "వచ్చే వారం నుంచి నడిచి వచ్చేస్తాలెండి," అన్నాను.

"నడిస్తే రెండు గంటలు. ఆ రెండు గంటలు ముందే వచ్చి నిన్ను ఎక్కించుకుంటా. నది వంపు దగ్గర ఇంకో తాబేలు గూడుంది, రకూన్‌లు తవ్వకుండా దానికి ఇనప జాలీ బిగించాలి. నా ఒక్కడి వల్ల కాదు," అన్నారు, నా మొహం చూడకుండానే.

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. టమాటా మొక్కల మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.