కాంటెస్సా కోసం మూడు ప్రస్థానాలు

అలియాబాద్ జైపాల్ బ్యాగు గుజరాత్‌లోని భుజ్‌కు మూడుసార్లు బయల్దేరింది. జైపాల్ ఒక్కసారి కూడా బయల్దేరలేదు. అయినా ఊళ్ళో ఎవరైనా అడిగితే, బ్యాగు లెక్కనే తన లెక్కగా చెప్పేవాడు.

జైపాల్ అంటే ఎవరో హైదరాబాద్ శివారు శామీర్‌పేట చుట్టుపక్కల చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ళకు ఆయనే చెబుతాడు. కరీంనగర్ రోడ్డు పక్కన తాతలనాటి మక్కచేన్లు ప్లాట్లయ్యాక తెల్లచొక్కా, నాలుగు వేళ్ళకు నాలుగు ఉంగరాలు, వెనకాల ఇద్దరు మనుషులు వచ్చి చేరారు. ఇంటిముందు రెండు కార్లున్నాయి. నిచ్చెనేసుకుని ఎక్కాల్సినంత ఎత్తువి. అవి చాలలేదు ఆయనకు. కాంటెస్సా కావాలి. తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటిన ఆ పొడుగు ముక్కు కారే కావాలి, అదీ తెల్లదే కావాలి.

ఆ కోరికకు ఒక కారణముంది, దాన్ని మాత్రం వెక్కిరించబుద్ధి కాదు. జైపాల్‌కు పదేళ్ళున్నప్పుడు భూమి కొనడానికి పట్నం నుంచి ఒక పెద్దమనిషి తెల్ల కాంటెస్సాలో వచ్చాడు. కారు దిగలేదు. అద్దం దించి, రమ్మని వేలు ఊపాడు. ఊళ్ళో ఎవరిముందూ తల వంచని జైపాల్ బాపు, నడుం వంచి ఆ కిటికీలోకి మాట్లాడాడు. పిల్లవాడికి కడుపు మండిపోయింది. పెద్దయ్యాక ఆ పెద్దమనుషుల తీరు మార్చాలని అనుకోలేదు, కిటికీకి అవతలి వైపు కూర్చోవాలనుకున్నాడు. అంతే తేడా.

శ్రావణమాసంలో ఒకరోజు శామీర్‌పేట చౌరస్తా హోటల్లో, చాయ్ తాగుతున్న పదిమంది ముందు జైపాల్ మీసం దువ్వాడు.

"దసరాకు జమ్మి కాడికి కాంటెస్సాల వస్త. రాకపోతే జైపాల్ అని పిలువకుండ్రి."

మాట నోరు జారింది. పదిమంది అంటే శామీర్‌పేటలో పది ఊళ్ళని లెక్క. ఇగ దసరాలోపు కారు రాకపోతే తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకే తెలియదు.

కారు దొరకడం కష్టం కాలేదు, ఫోన్‌లో దొరికింది. భుజ్‌లో హేమచంద్ అనే బట్టల వ్యాపారి దగ్గర, వాళ్ళ నాన్న వాడిన బండి. రంగు, సీట్లు, ఇంజను అన్నీ మొదటివే. అలాంటిది దేశం మొత్తంలో ఇంకొకటి దొరుకుతుందో లేదో. జైపాల్ తన హైదరాబాదీ హిందీలో బేరమాడితే హేమచంద్ మెత్తగా నవ్వాడు.

"ధర సంగతి తర్వాత. ముందు మీరు రండి. మా ఇంట్లో భోంచేయండి, కారులో కూర్చోండి. మా నాన్న కారు ఇది, లారీకి ఎక్కించి పంపను. ఎవరు వచ్చి కూర్చుంటే వాళ్ళ పేరు మీదే రాస్తాను."

పోవాలా వద్దా అని జైపాల్ వారం రోజులు ఆలోచించాడు. ఆలోచించడమంటే ఆయన లెక్కలో కనబడిన ప్రతివాడినీ అడగడం. చివరికి శంకరయ్య పంతులు పంచాంగం తెరిచాడు.

"పటేలా, భుజ్ వాయవ్యం మూల పడ్తది. మంగళ, బుధ ఉత్తరం పోవద్దు. శుక్ర, ఆది పడమర పోవద్దు. మిగిలిన దినాలల్ల మీ నక్షత్రానికి ఒక్క గురువారం పొద్దుగాలనే బాగున్నది."

"గురువారం నాకు రిజిస్ట్రేషన్ ఉన్నది గద!"

"అయితే ప్రస్థానం పెట్టుండ్రి. మంచి గడియల మీ బట్టలు పోయే దిక్కుకు ఊరు దాటిస్తే, మీరు బయల్దేరినట్టే లెక్క. ఐదు దినాలల్ల ఎప్పుడన్న పోవచ్చు."

ఈ మాట జైపాల్‌కు అమృతంలా వినిపించింది. మనిషి కదలకుండా ప్రయాణం మొదలయ్యే శాస్త్రం మనకుండగా, ఇన్నాళ్ళు తనకెవరూ చెప్పనందుకు బాధపడ్డాడు కూడా. గురువారం ఆరు గంటల పది నిమిషాలకు రెండు జతల బట్టలు, ఒక తువ్వాల ఉన్న బ్యాగును డ్రైవర్ పరమేశ్ పడమటి దిక్కున అరగంట దూరంలో ఉన్న మేడ్చల్ తీసుకెళ్ళాడు. అక్కడ జైపాల్ బామ్మర్ది దేవేందర్ సిమెంటు దుకాణం నడుపుకుంటూ ఉంటాడు. బ్యాగు వాళ్ళింట్లో దేవుడి గూటి కింద కూర్చుంది. జైపాల్ మంచం మీదనుంచే హేమచంద్‌కు ఫోన్ చేశాడు, బయల్దేరానని. మనసులో వీసమెత్తు దోషం లేదు.

మర్నాడు హేమచంద్ ఫోన్ చేశాడు. "ఎక్కడిదాకా వచ్చారు? దక్షిణాది వాళ్ళు కదా అని మా అమ్మ మీకోసం అన్నం వండించింది."

అప్పుడు జైపాల్ సైట్ ఆఫీసులో మిర్చి బజ్జీ తింటున్నాడు. "దగ్గర్లోనే ఉన్నా," అన్నాడు. మనవాళ్ళకు అది అబద్ధం కాదు, అలవాటు. స్నానాల గదిలోంచి కూడా ఆ మాటే అంటాం. భుజ్‌లో మాత్రం ఆ మాటను నమ్మి ముసలమ్మ ఆకలితో కూర్చుంటుందని ఆయనకు తట్టలేదు. మూడో రోజు, బండి చెడిపోయి వెనక్కి తిరిగానని చెప్పాడు.

వినాయక చవితి తర్వాత బ్యాగు రెండోసారి మేడ్చల్ వెళ్ళింది. ఈసారి అర్జెంటు మీటింగ్ అడ్డం వచ్చింది. పెత్తరమాస, అంటే మహాలయ అమావాస్య, దాటాక మూడోసారి వెళ్ళింది. అప్పుడు బయల్దేరానని చెప్పి జైపాల్ ఫోన్ ఆపేసుకున్నాడు.

మూడోసారి నిజంగా పోదామనే అనుకున్నాడు. పరమేశ్ కారు కడిగి, ట్యాంకు నింపి గేటు బయట నిలబెట్టాడు. జైపాల్ గేటుదాకా నడిచాడు, ఆకాశం చూశాడు, ఇంట్లోకి తిరిగొచ్చాడు. భార్య మాధవీలత బతుకమ్మకు తంగేడు పూలు సర్దుతోంది. తలెత్తలేదు.

"మల్లేమైంది?"

"నడుము పట్టింది."

"నడుము గాదు," అంది. "ఈడ కారు దిగంగనే పది మంది పటేలా నమస్తే అంటరు. ఆడ నిన్ను గుర్తువట్టేటోడు ఎవడున్నడు? గదే నీ భయం. షిర్డీ సంగతి నేను మర్చిపోలే."

జైపాల్‌కు ముఖం మాడిపోయింది. ఆరేళ్ళ కింద షిర్డీ వరసలో ఎవడో తోస్తే, "నేనెవర్నో ఎరుకేనా?" అని హిందీలో గర్జించాడు. వాడు తాపీగా చూసి, ఎరుక లేదన్నాడు. అంతే, ఆ తర్వాత జైపాల్ తెలంగాణ దాటలేదు. భయమని ఎవరికీ చెప్పుకోలేదు, పంచాంగం అడ్డం పెట్టుకున్నాడు.

భార్య ముందు చిన్నబోయినవాడు బామ్మర్ది ముందు పెద్దరికం తెచ్చుకున్నాడు. దేవేందర్‌కు ఫోన్ చేశాడు.

"పెద్దోళ్ళు తిరుగరు, మనుషుల్ని తిప్పుతరు. నువ్వు పోయి కారు తే."

"పోత బావా," అన్నాడు దేవేందర్ వెంటనే. "నీ బ్యాగు మా దేవుని కాడ మూడోసారి కూసున్నది. ఊడ్వనీకి వీలైతలేదని మీ చెల్లె లొల్లి. అది గుడ తీస్కపోత."

ఆ రోజు మంగళవారం. ఉత్తరం పోకూడదు. దేవేందర్ ఎవర్నీ అడగలేదు, రైలెక్కాడు.

మూడో రోజు భుజ్ నుంచి ఫోన్ వచ్చింది. "బావా, బండి మస్తుగున్నది. కాని హేమచంద్ సాబు నీ పేరు మీద రాయడట. వచ్చినోని పేరు మీదనే రాస్తడట. రెండు దినాలు ఆగుత. విమానమెక్కి అహ్మదాబాద్ దిగు, నేనొచ్చి తోలుకపోత."

అటు హోటల్లో పదిమంది ముందు చేసిన శపథం, ఇటు తనెవరో ఎరుక లేని ఊరు. రెండు తట్టలూ మోయలేక జైపాల్ క్యాలెండర్ వైపు చూశాడు.

"ఎల్లుండి అష్టమి గదరా," అన్నాడు.

"అయితే నేనే తీస్కుంటున్న బావా. నా పైసలతోనే," అన్నాడు దేవేందర్. గొంతులో వెటకారం లేదు, అది జైపాల్‌ను ఇంకా కాల్చింది.

దసరానాడు జమ్మి దగ్గరికి కాంటెస్సా వచ్చింది. జైపాల్ అన్న మాట అక్షరాలా నిజమైంది, ఒక్క జైపాల్ తప్ప అన్నీ అందులో ఉన్నాయి. తెల్లటి ఒళ్ళు, పొడుగు ముక్కు, బంతిపూల దండ. జనం చుట్టూ మూగి ఫోటోలు తీసుకున్నారు. దేవేందర్ దిగి నేరుగా బావ దగ్గరికి వచ్చి, జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కాడు. తర్వాత వెనక సీట్లోంచి బ్యాగు, ఒక స్టీలు డబ్బా తెచ్చిచ్చాడు.

"హేమచంద్ సాబు వాళ్ళమ్మ నీకిమ్మన్నది. ఎనభై ఏండ్లుంటయి బావా. మూడు మాట్లు నీకోసం వండిపిచ్చి, నువ్వు రాలేదని తినకుంట కూసున్నదట. తోవల నీకేమన్న అయిందేమో అని రోజు దీపం పెడ్తాంది. బట్టలు గుడ ఉతికిచ్చి ఇస్త్రీ చేపిచ్చింది."

"నువ్వేమన్నవ్?" అడిగాడు జైపాల్.

"ఏమంట? బయల్దేరినోడు ఇంట్లనే ఉన్నడంటే బాగుంటదా? పానం బాగలేదన్న."

పక్కనున్నవాళ్ళు ఆ చివరి ముక్క విన్నారు. అలాయ్ బలాయ్ ఇచ్చిన ప్రతివాడూ "పానం ఎట్లున్నది పటేలా?" అని మెల్లగా కౌగిలించుకోవడం మొదలుపెట్టాడు, గట్టిగా పట్టుకుంటే పోతాడేమోనన్నట్టు. జమ్మి పూజ అయ్యేలోపు జనం నోళ్ళలో జైపాల్ గుండెకు ఆపరేషన్ కూడా అయిపోయింది. ఒక బ్రోకరు చెవి దగ్గరికొచ్చి, దవాఖాన ఖర్చుకు రోడ్డు పక్క భూమి బిట్టు అమ్మేదుంటే కొనే పార్టీ రెడీగా ఉందన్నాడు.

జైపాల్ జనంలోంచి బయటపడి, కార్ల వెనక్కి పోయి డబ్బా తెరిచాడు. నెయ్యి వాసన గుప్పుమంది. ఒక మిఠాయి తీసి నోటిదాకా తెచ్చి, తినలేక మళ్ళీ అందులోనే పెట్టాడు. ఎవరూ గుర్తుపట్టరని తను వణికిపోయిన ఊళ్ళో, ముఖం కూడా చూడని మనిషికోసం ఒక ముసలమ్మ మూడుసార్లు పస్తులుంది. సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గులోనే హేమచంద్‌కు ఫోన్ కలిపాడు. నిజం చెప్పేద్దామనే కలిపాడు.

"జైపాల్ భాయ్! ఎలా ఉన్నారు?" హేమచంద్ గొంతులో నిజమైన సంతోషం. "మా అమ్మ పొద్దున కూడా అడిగింది. అసలు మీకు ఒంట్లో బాగలేకపోయేనాటికి ఎక్కడిదాకా వచ్చారు?"

జైపాల్ కళ్ళు మూసుకున్నాడు. ఇల్లు దాటలేదు అనే మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.

"మేడ్చల్ దాకా," అన్నాడు.

అదీ నిజం కాదు, మేడ్చల్ దాకా పోయింది బ్యాగే. అయినా రెండు నెలల్లో ఆయన నిజానికి అంత దగ్గరగా వచ్చింది అదే మొదటిసారి. మేడ్చల్ పేరు జన్మలో వినని హేమచంద్ అవతల నిట్టూర్చాడు.

"అయ్యో పాపం! అంత దూరం వచ్చి వెనక్కి తిరిగారా?"