ఆయుధపూజ నాడు ఆగిన అల

నేను ఒక అయస్కాంతాన్ని. ఇనుముతో చేసినదాన్ని కాను, అందుకే చెబితే ఎవరూ నమ్మరు. వనేడియం అనే లోహం కలిసిన ఆవిరినీ, ఒక కర్బన పదార్థపు ఆవిరినీ గాజు గొట్టంలో కలిపితే నీలమణి పలక మీద పేరుకున్న నల్లటి పొరను నేను. పుష్యమి అనే అమ్మాయి నన్ను కంటికి ఆనని చుక్కలుగా తీర్చింది.

నాలోని ఎలక్ట్రాన్లు బుల్లి అయస్కాంతాలు. ఒకటి తల ఊపితే పక్కది ఊపుతుంది, దాన్ని చూసి ఆ పక్కది. ఈ తలూపుడు అలా సాగిపోవడాన్నే స్పిన్ తరంగం అంటారు. ఎవరూ చోటు కదలరు, కబురు మాత్రం వెళ్లిపోతుంది. మనుషుల మీటింగుల్లోనూ తలూపుళ్లు చూశాను. వాటిలో కబురు ఉండదు.

పుష్యమి హైదరాబాదులో ఓ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిని. అల ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు చేరుతోందని కొలిచి చూపిస్తేనే ఆమె థీసిస్ పూర్తవుతుంది. గడువు నెలాఖరు. ఇంకో పొర చేయాలంటే సరుకు విదేశం నుంచి రావాలి, దానికి నెలలు పడుతుంది.

నాకు గాలి పడదు. ఆర్గాన్ వాయువు నింపిన గాజు పెట్టెలో పుష్యమి నన్ను ఉంచి, దానికి బిగించిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి పని చేసేది. గాలి సోకకుండా నా మీద గాజు మూత అతికించే పని మాత్రం పండగయ్యాక చేద్దామనుకుంది.

ఆయుధపూజ రోజు ఆమె గైడ్ చక్రపాణి గారు యంత్రాలన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టారు. ఆయన వరంగల్ మనిషి.

"ఇయ్యాల పనిముట్లను కదిలించొద్దమ్మా. వాటికి గూడ రెస్టు కావాలె," అన్నారు.

పుష్యమి పక్క ల్యాబుల వాళ్లకు కొబ్బరిముక్కలు పంచడానికి వెళ్లింది. ఆయన ఒక్కో స్విచ్చూ ఆపుకుంటూ వచ్చి, నాకు వాయువు పంపే సిలిండర్ కూడా కట్టేశారు. దయతోనే కట్టేశారు, పాపం. తొడుగుల గుండా గాలి మెల్లగా లోపలికొచ్చింది. నొప్పేమీ లేదు. అంచు నుంచి మొదలై ఒక్కో చుక్కా మొద్దుబారింది.

మర్నాడు పుష్యమి కొలిచింది. తెర మీద గీత చదునుగా ఉంది.

"ఏమైందమ్మా?"

"పోయింది సార్."

ఆయన సిలిండర్ వైపు చూశారు. ఆమె కూడా చూసింది. కట్టేసిందెవరో ఇద్దరికీ తెలుసు.

"మూత ముందే అతికించాల్సింది సార్. నాదే తప్పు," అంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "జర జాగ్రత్తగ ఉండాల్సిందమ్మా," అన్నారు.

నెలాఖరుకు ఆమె హాస్టల్ ఖాళీ చేసింది. ఇప్పుడు ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతోందట. నాకు బాధేసిందని చెప్పాలనే ఉంది గానీ, వేయలేదు.

నేనిప్పుడు వరండాలో అద్దాల బీరువాలో ఉన్నాను. మొన్న సైన్స్ డేకి స్కూలు పిల్లలొచ్చారు. చక్రపాణి గారు నన్ను బయటికి తీసి చూపిస్తూ అలల గురించి చెప్పారు.

"ఇప్పుడు కూడా అలలొస్తాయా సార్?" అని ఓ అమ్మాయి అడిగింది.

"వస్తయి," అన్నారాయన.

"దీన్ని ఎవరు చేశారు సార్?"

ఆయన నన్ను అటూ ఇటూ తిప్పారు. "పుష్యమి అని, మా స్టూడెంటు. బాగ జాగ్రత్త గల పిల్ల. ఆమె తప్పేం లేదు."

"ఏం తప్పు సార్?"

ఆయన నన్ను లోపల పెట్టి, బీరువాకు తాళం వేసి, పిల్లల్ని లేజర్ గదికి తీసుకెళ్లారు.